ఎడారీకరణకు అడ్డుకట్ట: అనంతపురం కరువు నేలలలో గ్రామ సమష్టి కృషి

ఎడారీకరణ అనే మాట వినగానే విద్యార్థుల మనస్సులో థార్ ఇసుక తిన్నెలు మెదలుతాయి. ఎడారి తన సరిహద్దు దాటి పొలాల మీదికి నడచి రావడమే ఎడారీకరణ అని జవాబు పత్రాలలో రాసేవారు నేటికీ ఉన్నారు. ఇది సరైన అవగాహన కాదు. 1994 జూన్ 17న ఆమోదం పొందిన ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ నిరోధక ఒడంబడిక ప్రకారం, శుష్క, అర్ధశుష్క, శుష్క ఉపార్ద్ర ప్రాంతాలలో వాతావరణ వైవిధ్యం వలన, మానవ కార్యకలాపాల వలన జరిగే భూక్షీణతయే ఎడారీకరణ. అంటే ఇసుక కనిపించనవసరం లేదు. పచ్చగా పైరు నిలిచి ఉన్న చేను సైతం ఎడారీకరణ బాటలో ఉండవచ్చు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థకు చెందిన అంతరిక్ష అనువర్తన కేంద్రం అంచనా ప్రకారం 2018-19 నాటికి మన దేశంలో 9.785 కోట్ల హెక్టార్లు, అనగా దేశ భౌగోళిక విస్తీర్ణంలో 29.77 శాతం, భూక్షీణతకు లోనై ఉన్నది.

ఈ సమస్యను తెలుగు నేల మీద అధ్యయనం చేయదలచిన వారికి ఉమ్మడి అనంతపురం జిల్లాను మించిన పాఠశాల లేదు. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నందున నైరుతి ఋతుపవనాలు బలహీనపడి చేరుతాయి. తూర్పు తీరానికి దూరమైనందున ఈశాన్య ఋతుపవనాలూ పూర్తిగా అందవు. అయితే ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వర్షం పడితే అది 10 వేల లీటర్లకు సమానం. ఆ లెక్కన 550 మిల్లీమీటర్లంటే హెక్టారుకు 55 లక్షల లీటర్లు. కనుక ఇక్కడి ప్రశ్న ఎంత నీరు పడింది అన్నది మాత్రమే కాదు, అందులో ఎంత నేలలో నిలిచింది అన్నది. గ్రామ సమాజాలు చేసిన కృషి అంతా ఈ రెండవ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

నేల ఎలా బలహీనపడింది

జిల్లాలోని ఎర్ర నేలలలో అధిక భాగం తేలికపాటి ఇసుక గరప నేలలు. మోకాటి లోతు కూడా లేనివి విస్తారంగా ఉన్నాయి. సేంద్రియ కర్బనం తక్కువ కావడం చేత మట్టి రేణువుల కూర్పు బలహీనంగా ఉంటుంది. తొలకరి జల్లు వడిగా పడినప్పుడు పై రేణువులు చెదరి, రంధ్రాలు మూసుకుపోయి, ఎండిన పిదప పొర కట్టుకుంటుంది. తరువాతి వాన ఆ పొర మీద ఇంకక జారిపోతుంది. జారే నీరు మట్టిని తీసుకుపోతుంది. ఒక హెక్టారు నుండి ఒక మిల్లీమీటరు మందం మట్టి పోవడమంటే సుమారు 15 టన్నులు పోవడం. రైతు కంటికి ఒక మిల్లీమీటరు ఆనదు. పది, పదిహేను సంవత్సరాల తరువాత చేను నిండా గులకరాళ్లు తేలినప్పుడు మాత్రమే ఆనుతుంది.

ఒకప్పుడు ఈ భూములలో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, ఉలవ, కంది కలిసి పెరిగేవి. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో వేరుశనగ వాటి స్థానాన్ని ఆక్రమించి, ఒక దశలో 8 లక్షల హెక్టార్లకు మించి సాగయింది. దీనికి రైతును నిందించడం మా వృత్తిలో ఒక అలవాటు. ఆ అలవాటుతో నేను ఏకీభవించను. 1985లో ప్రారంభమైన సమగ్ర పంటల బీమా, 1986లో ఏర్పడిన నూనెగింజల సాంకేతిక మిషన్, పంట రుణాల విధానం, మార్కెట్ ధర, ఇవన్నీ ఒకే పంట వైపు వేలు చూపించాయి. కొర్రకు అప్పు పుట్టని చోట, బీమా రాని చోట కొర్ర వేయమని చెప్పడం సలహా అనిపించుకోదు.

వేరుశనగ పప్పుజాతి పంట కదా, నేలకు మేలు చేయదా అని విద్యార్థులు అడుగుతుంటారు. ఇది మంచి ప్రశ్న. మొక్కను వేళ్లతో సహా పీకి, కాయలు అమ్మి, కట్టెను పశువులకు మేతగా తరలిస్తే స్థిరీకరించిన నత్రజనిలో నేలకు మిగిలేది స్వల్పం. జొన్న మోడు నేలను పట్టుకొని నిలుస్తుంది. వేరుశనగ చేనులో మోడు కూడా మిగలదు. పంట తీసిన నాటి నుండి మరుసటి జూలైలో గొర్రు కట్టే వరకు నేల నగ్నంగా ఎండకు, గాలికి, మే నెల గాలివానలకు తెరచి ఉంటుంది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు కప్పు లేని నేలలో సేంద్రియ కర్బనం పెరుగుతుందని ఆశించడం భ్రమ. ఏడు సాళ్లకు ఒక సాలు కంది వేయమనే సిఫారసు వెనుక ఆదాయ భద్రతతో పాటు ఈ కారణం కూడా ఉన్నది. కంది లోతైన వేరుతో, రాల్చే ఆకుతో, మరికొన్ని నెలలు నేలను కాచుకుంటుంది.

వేదవతి ఒడ్డున ఇసుక

జిల్లా పశ్చిమ భాగంలో కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలలో మాత్రం ఎడారి అనే మాటకు పాఠ్యపుస్తకపు అర్థమే కనిపిస్తుంది. గోవిందవాడ, దర్గా హొన్నూరు పరిసరాలలో నిజమైన ఇసుక దిబ్బలు ఉన్నాయి. హగరి అని కూడా పిలిచే వేదవతి నది అక్కడ అత్యధిక కాలం ఎండి ఉంటుంది. నైరుతి ఋతుపవనాల వేళ, మేఘాలు వచ్చీ కురవని జూన్, జూలై, ఆగస్టు నెలలలో, బలమైన గాలి ఆ పొడి నదీగర్భం నుండి ఇసుకను లేపి గాలివాలున ఉన్న పొలాల మీద మేటలు వేస్తుంది. ఎగువన జలాశయాలు వెలసిన తరువాత నదిలో ప్రవాహ దినాలు తగ్గడం పరిస్థితిని జటిలం చేసిందని స్థానిక రైతులు అంటారు. ఇది తర్కానికి నిలిచే మాటే. తడి ఇసుకను గాలి లేపలేదు.

గాలి కోతలో మూడు రకాల కదలిక ఉంటుంది. సుమారు 0.1 నుండి 0.5 మిల్లీమీటర్ల రేణువులు ఎగిరి గెంతుతూ సాగుతాయి. అంతకంటే సన్ననివి ధూళిగా గాలిలో తేలిపోతాయి. ముతకవి నేల మీద దొర్లుతాయి. నష్టంలో పెద్ద వాటా గెంతే రేణువులదే. అవి నేల నుండి ఒక మీటరు లోపు ఎత్తులోనే కదులుతాయి కనుక వాటిని ఆపడానికి మహావృక్షాలు అవసరం లేదు. గాలికి అడ్డంగా పాతిన కంప, రెల్లు, గడ్డి దుబ్బులు తొలి రెండు సంవత్సరాలు ఈ పనిని చక్కగా చేస్తాయి. వాటి నీడన సరుగుడు, జీడిమామిడి వంటి చెట్లు నిలదొక్కుకుంటాయి. చెట్ల వరుస ఎత్తుకు పది నుండి పదిహేను రెట్ల దూరం వరకు గాలివాలున రక్షణ లభిస్తుంది. ఐదు మీటర్ల ఎత్తు గల వరుస 50 నుండి 75 మీటర్ల మేర పొలాన్ని కాపాడగలదు. వరుస గోడలా మూసుకుపోయి ఉండకూడదు. సగానికి దగ్గరగా గాలి చొరబడేలా ఉండాలి, లేనిచో అవతల సుడులు లేచి ఇసుక మరింత చెదురుతుంది.

ఇందులో సమష్టి ప్రశ్న ఎక్కడున్నది? వృక్ష పంక్తి ఒక రైతు గట్టు దగ్గర ఆగిపోతే ప్రయోజనం ఉండదు. వరుసలో ఖాళీ ఉన్న చోట గాలి ఇరుకుదారిలో దూరినట్లు వేగం పెంచుకొని, ఆ వెనుక చేనును మరింత చెరుస్తుంది. నదికి ఆనుకొని భూమి ఉన్న రైతు తన నేలలో కొంత చెట్లకు వదలాలి. లాభం మాత్రం వెనుక నాలుగైదు చేలకు చేరుతుంది. నష్టం ఒకరిది, లాభం మరొకరిది అయినప్పుడు సాంకేతిక సలహా ఒంటరిగా పనిచేయదు. చెట్ల నుండి వచ్చే కట్టె, జీడిగింజ ఎవరికి చెందాలి, లేత మొక్కలను మేకల నుండి ఎవరు కాయాలి అన్నది ఊరు కూర్చొని తేల్చుకోవాలి. మా సిఫారసుల పుస్తకాలలో మొక్కల మధ్య దూరం ఉంటుంది, ఈ విషయం ఉండదు.

గట్టు ఎక్కడ వేయాలి

1994లో హనుమంతరావు కమిటీ నివేదిక వచ్చింది. దాని ఆధారంగా 1995 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌ను ప్రమాణంగా తీసుకొని, నిధులను, నిర్ణయాన్ని గ్రామ కమిటీకి అప్పగించాయి. అంతవరకు ఇంజనీరింగ్ శాఖల పనిగా ఉన్న నేల, నీటి సంరక్షణలో ఇది పెద్ద మలుపు. అయితే కాగితం మీది భాగస్వామ్యం చేనులో భాగస్వామ్యంగా మారడానికి చాలా కాలం పట్టింది.

ఈ వ్యాసకర్త స్వయంగా చేసిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పుకోవడం విద్యార్థులకు ఉపకరిస్తుంది. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక గ్రామంలో సమోన్నత రేఖల వెంట మట్టి గట్లు వేయించాము. శాస్త్రం ప్రకారం ఒక్క తప్పు లేదు. రెండవ ఖరీఫ్ నాటికి సగానికి పైగా గట్లు గుంటక కింద కలిసిపోయాయి. కారణం సులభమైనది. గట్టు చేనును ఏటవాలుగా రెండు ముక్కలు చేసింది. ఎద్దులు మలుపు తిరగడానికి చోటు లేదు, ఒక మూల నీరు నిలిచి పైరు పసుపు బారింది. ఆ రైతులు తమ పొలం హద్దు గట్లను మాత్రం తరతరాలుగా రాళ్లు పేర్చి, ఏటేటా ఎత్తు పెంచి, మట్టి ఆపుకుంటూనే ఉన్నారు. మేము వెళ్లినప్పుడు అవి మా కళ్లెదుటే ఉన్నాయి. మేము వాటిని హద్దులుగా చూశాము, సంరక్షణ కట్టడాలుగా చూడలేదు. తరువాతి గ్రామంలో హద్దు గట్లనే బలపరచి, వాలు దిగువ మూలన రాతితో అలుగు కట్టి, గట్టు లోపలి వైపు సమోన్నత రేఖలో దుక్కి, విత్తనం మాత్రం కోరాము. అవి నిలిచాయి.

ఉపాధి హామీ పథకం వచ్చిన పిదప కందకాలు, రాతి కట్టలు, పంట కుంటలు విస్తారంగా తవ్వబడ్డాయి. వీటి సాంకేతిక వివరాలు అందరికీ తెలిసినవే. ఒక్క మాట మాత్రం చెప్పాలి. పని కొండ మీద మొదలై కిందికి దిగాలి. వాగులో చెక్‌డ్యాం ముందుగా కట్టి, వాలులను వదిలివేస్తే మూడు, నాలుగు వానాకాలాలలో అది పూడిక తొట్టి అవుతుంది. చెక్‌డ్యాం కంటికి కనిపిస్తుంది, ఫోటోకు అందుతుంది. వాలు మీది గడ్డి అందదు. నిధుల కేటాయింపులో ఈ తేడా ప్రభావం ఎంతో నా సహాధ్యాయులకు వేరుగా చెప్పనవసరం లేదు.

కల్పవల్లి: నాటడం కంటే కాయడం

ప్రస్తుతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న చెన్నేకొత్తపల్లి మండలంలో 1990లో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ సహకారంతో ముష్టికోవెల పరిసర గ్రామాల ప్రజలు బోడి కొండలను, బీడు భూములను కాపాడటానికి పూనుకున్నారు. నేడు కల్పవల్లి అని పిలిచే ఆ ఉమ్మడి భూమి 7 వేల ఎకరాలకు పైబడినది. చుట్టుపక్కల గ్రామాల సభ్యులు పరస్పర సహాయక సహకార సంఘంగా ఏర్పడి దానిని నిర్వహిస్తున్నారు.

ఇక్కడ గమనించదగినది మొక్కలు నాటిన సంఖ్య కాదు. ప్రధానమైన పని రక్షణ. వేసవిలో నిప్పు అంటుకోకుండా అగ్ని నిరోధక దారులు చేయడం, కావలివారిని నియమించడం, చెట్లు నరకడాన్ని ఆపడం, అవసరమైన చోట విత్తనాలు చల్లడం. ఎండిన వేళ్లలో, మోడులలో జీవం మిగిలి ఉన్నంత కాలం కొండ తనంత తానే కోలుకుంటుంది. మొక్క నాటడానికి అయ్యే ఖర్చుతో, బ్రతికే శాతంతో పోల్చితే ఇది శుష్క ప్రాంతాలకు ఎంతో అనువైన మార్గం. గడ్డి దట్టమైతే వాన చినుకు నేరుగా నేలను తాకదు, జారే నీటి వేగం తగ్గుతుంది, ఇంకుదల పెరుగుతుంది. వాగుల వెంట ఈతచెట్లు విస్తరించాయి. ఈతాకుతో చీపుళ్లు, చాపలు, బుట్టలు అల్లేవారికి, ఈతకల్లు గీసేవారికి, ఇంటి కప్పుకు బోద గడ్డి కోసుకునేవారికి అది జీవనాధారం. తోడేళ్లు కూడా అక్కడ నివాసమేర్పరచుకున్నాయి. గొర్రెల కాపరులకు ఇది శుభవార్త కాదన్న సంగతిని వన్యప్రాణి ప్రేమికులు సాధారణంగా ప్రస్తావించరు.

కాపరుల మాట వచ్చింది కనుక కొంత ఆగవలసి ఉన్నది. బీడు భూమి పునరుద్ధరణ అనగానే మా ప్రతిపాదనలలో మొదటి వాక్యం మేతను నిషేధించాలి అన్నది. ఒక గ్రామసభలో ఈ మాట చెప్పినప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఒక వృద్ధ కాపరి లేచి, బీడు మూసేస్తే జీవాలను యాడికి తోలుకుపోవాలో అది కూడా చెప్పి పొమ్మన్నాడు. నా వద్ద జవాబు లేదు. భూమి లేని కుటుంబానికి ఆ బీడే చేను. సెంటు భూమి లేనివారిని మేత నుండి తొలగించి, చెట్టు పెరిగాక వచ్చే ఫలాన్ని భూమి ఉన్నవారి బావులకు ఊటగా అందించడాన్ని సమష్టి కృషి అనలేము. బీడును భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగానికి వంతుల వారీగా విశ్రాంతి ఇచ్చి, గడ్డి విత్తనం రాలిన పిదప తెరవడం మధ్యేమార్గం. కోసి తీసుకుపోయే గడ్డిని ఏడాది పొడవునా అనుమతించవచ్చు. కోతలు ముగిసిన చేలలో గొర్రెల మందను రాత్రిళ్లు నిలిపి, అందుకు ప్రతిగా కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చే పాత ఆచారాన్ని ఇదే చర్చలో చేర్చాలి. నేలకు సేంద్రియ పదార్థం, కాపరికి ఆదాయం, బీడుకు విశ్రాంతి ఒకే ఒప్పందంలో కుదురుతాయి.

కల్పవల్లి కథలో మరొక ఘట్టం ఉన్నది. ఆ కొండల మీద పవన విద్యుత్ గోపురాలు వెలిశాయి. గ్రామస్థులు సంవత్సరాల తరబడి కాపాడిన భూమి రెవెన్యూ దస్తావేజులలో ప్రభుత్వ బంజరుగానే ఉన్నది. గోపురాలకు, యంత్రాలు చేర్చే రోడ్లకు వాలులు తవ్వబడ్డాయి, చెట్లు పోయాయి. పునరుత్పాదక ఇంధనం దేశానికి అవసరమని నేను నమ్ముతాను. కానీ గడ్డి, గొర్రె, ఈత చెట్టు ఉన్న భూమిని ఖాళీ భూమిగా చూపే దస్తావేజు సరైన దస్తావేజు కాదు. ఉమ్మడి భూమిపై సంఘానికి రాతపూర్వకమైన, దీర్ఘకాలిక హక్కు లేకపోతే నేల సంరక్షణ ఎంత శ్రద్ధగా సాగినా అది అద్దె ఇంటికి సున్నం వేసినట్లే.

భూమి కింది లెక్క

వాటర్‌షెడ్ పనులు విజయవంతమైన గ్రామాలలో ఒక వైపరీత్యం కనిపిస్తుంది. ఇంకిన నీటితో బావులలో మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగిందన్న వార్తతో కొత్త బోర్లు పడతాయి. ఐదారు సంవత్సరాలలో మట్టం మునుపటి స్థాయికంటే దిగువకు పోతుంది. బోరు వేసే స్తోమత ఉన్నవాడు అందరి వాన నీటిని తోడుకుంటాడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం దీనిని నియంత్రించడానికి ఉద్దేశించినదే. కానీ ప్రతి బోరు దగ్గరా చట్టం కాపలా ఉండలేదు.

ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 2003 నుండి అనంతపురం సహా ఏడు కరువు జిల్లాలలో నడచిన రైతుల స్వీయ భూగర్భజల యాజమాన్య పథకం వేరొక దారి పట్టింది. రైతులే వర్షమాపకం చదివారు, బావులలో నీటిమట్టం కొలిచారు, బోర్ల నుండి వచ్చే నీటి పరిమాణాన్ని డ్రమ్ము నిండే సమయంతో లెక్కించారు. రబీకి ముందు ఊరంతా కూర్చొని, భూమిలో అందుబాటులో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని జమాఖర్చు వేసుకున్నారు. వరి మానమని ఎవరూ ఆదేశించలేదు. ఎకరా వరికి పోసే నీటితో రెండెకరాల ఆరుతడి పంట పండుతుందని లెక్క గోడ మీద కనిపించినప్పుడు పలువురు తమంతట తాము పంట మార్చుకున్నారు. అందరూ మారలేదు. స్వచ్ఛంద నిర్ణయానికి ఉన్న పరిమితి అది. అయినప్పటికీ విస్తరణ విద్యలో ఇంతకంటే గౌరవప్రదమైన పద్ధతిని నేను చూడలేదు. ఇక్కడ శాస్త్రవేత్త సమాధానం ఇవ్వడు, కొలిచే సాధనం ఇస్తాడు.

చెరువు మట్టి తోలకం గురించి క్లుప్తంగా. హెక్టారుకు ఒక సెంటీమీటరు మందం పరచాలంటే 100 ఘనపు మీటర్లు కావాలి, అంటే మూడు ఘనపు మీటర్ల ట్రాక్టరు తొట్టితో 33 ట్రిప్పులు. బంకమట్టి శాతం పెరగడం వలన తేలిక నేలకు నీటిని పట్టి ఉంచే శక్తి వస్తుంది, ఊడలు దిగే దశలో బెట్ట తగిలినప్పుడు పైరు మరికొన్ని రోజులు ఓర్చుకుంటుంది. మట్టిని ముందుగా పరీక్షించాలి. చవుడు ఉన్న మట్టిని తోలితే మేలు కంటే కీడు అధికం. తోలకం ఖర్చును చిన్న రైతు ఒక్కడే భరించలేడు కనుక ఇది కూడా ఊరు కలిసి చేయవలసిన పనే. తోలిన మట్టి నిలవాలంటే హద్దు గట్టు ముందే సిద్ధమై ఉండాలి.

వర్షాలకు ముందే పలు రకాల విత్తనాలను కలిపి చల్లి నేలను కప్పి ఉంచే నవధాన్య పద్ధతిని మహిళా సంఘాలు ఇటీవల జిల్లాలో విస్తరింపజేస్తున్నాయి. వేరుశనగ చేను నగ్నంగా ఉండే నెలలనే ఇది లక్ష్యంగా చేసుకున్నది కనుక తార్కికంగా సరైన చోటే వేలు పెట్టినట్లు. మేలైన నేలలో, లోతులేని నేలలో, వర్షం బాగా ఆలస్యమైన సంవత్సరాలలో దీని ఫలితాన్ని విడివిడిగా కొలవడం మన విశ్వవిద్యాలయాల బాధ్యత.

విద్యార్థులు కొలవగలిగినవి

స్నాతకోత్తర విద్యార్థులు ఇటువంటి గ్రామాలకు వెళ్లినప్పుడు ఎన్ని కట్టడాలు, ఎంత ఖర్చు అని పట్టిక నింపుకొని తిరిగి వస్తున్నారు. అంతకంటే ఉపయోగకరమైనది ఖరీదు లేకుండానే చేయవచ్చు. ఒకడుగు పొడవు ఇనుప మేకులను వాలు వెంట, గట్టుకు పైన, కింద, నేలతో సమంగా కాక కొలత తెలిసినంత ఎత్తు పైకి ఉంచి దిగగొట్టాలి. వానాకాలం ముగిశాక మేకు ఎంత బయటపడింది, ఎంత పూడింది అని స్కేలుతో చూస్తే మట్టి ఎక్కడ కదిలిందో తెలుస్తుంది. ఒక మిల్లీమీటరుకు 15 టన్నుల లెక్క ఇక్కడ పనికి వస్తుంది. చేనులో పది చోట్ల ఒక చదరపు మీటరు చట్రం వేసి ఏప్రిల్, జూన్, అక్టోబరు నెలలలో నేల ఎంత శాతం కప్పబడి ఉన్నదో నమోదు చేయాలి. అడుగు, మూత లేని ఇనుప డబ్బాను నేలలోకి కొంత దించి, నీరు పోసి, ఇంకే సమయాన్ని గడియారంతో చూడాలి. కాపాడిన బీడులో, కాపాడని బీడులో ఈ సమయాలకు ఉండే తేడాను ఆ ఊరి కాపరులకు చూపించాలి.

వీటితో పాటు రెండు ప్రశ్నలు అడిగి రాసుకోవాలి. పథకం ముగిసి ఐదు సంవత్సరాలయ్యాక గట్టు తెగితే మరమ్మతు ఎవరు చేశారు, ఖర్చు ఎవరు పెట్టారు? బీడులో గడ్డి కోసే హక్కు ఈ ఏడాది ఎవరికి దక్కింది? మేకులను దున్నే ముందు పీకి తీసుకువెళ్లడం మరువరాదు. ఎద్దు కాలికి గుచ్చుకుంటే మళ్లీ ఆ ఊరిలో మనకు ప్రవేశం ఉండదు.